తపాలా హక్కు పోయినందుకు మఠం దక్కింది: రేగెన్స్‌బుర్గ్‌లోని సెయింట్ ఎమ్మెరామ్ గురించి ఒక చర్చ

డాన్యూబ్ గట్టు (చర్చను ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా బవేరియాలో ఉంటున్న నేను గత నెలలో రెండు రోజులు రేగెన్స్‌బుర్గ్‌లో గడిపాను. డాన్యూబ్ మీద పన్నెండవ శతాబ్దంలో కట్టిన రాతి వంతెన దగ్గర మొదలుపెట్టి, సందులన్నీ తిరిగి, చివరికి పాత పట్టణపు దక్షిణపు అంచున ఉన్న టూర్న్ ఉంట్ టాక్సిస్ వంశీయుల మహలుకు చేరుకున్నాను. ఎనిమిదవ శతాబ్దంలో మొదలై వెయ్యేళ్ళకు పైగా బెనెడిక్టైన్ సన్యాసుల మఠంగా నడిచిన ఆ ఆవరణ 1812 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఆ మహలులో వారి సొంత చర్చి ఒకటి ఉంది. లోపల అడుగుపెడితే కన్ను తిప్పుకోలేము.

నా సందేహం ఇది. ఆ కుటుంబం పేరు తెచ్చుకున్నది ఉత్తరాల రవాణాలో. ఉత్తరాలు మోసిన వంశానికి అంత పెద్ద మఠాన్ని ఎవరు, ఏ హక్కుతో ఇచ్చారు? అక్కడున్న సన్యాసులు, వారి పుస్తకాలు ఏమయ్యాయి? తెలిసినవారు వివరించగలరు.

తపాలా బిళ్ళ

గట్టు గారూ, మీ ప్రశ్నలో సగానికి నేను సమాధానం చెప్పగలను. నలభై ఏళ్ళుగా తపాలా బిళ్ళలు సేకరిస్తున్నవాడిని. ఈ వంశం పేరుతో వెలువడిన బిళ్ళలు నా దగ్గర కొన్ని ఉన్నాయి.

వీరి మూలం ఇటలీలోని బెర్గామో కొండ ప్రాంతం. అసలు ఇంటిపేరు టాసో. ఆ మాటకు బాడ్జర్ అనే బొరియ జంతువని అర్థం కనుక నేటికీ వారి వంశచిహ్నంలో ఆ జంతువు కనిపిస్తుంది. 1490లో, తరువాత చక్రవర్తి అయిన మాక్సిమిలియన్ రాజు కోసం ఇన్స్‌బ్రుక్ నుంచి నేటి బెల్జియంలోని మెకలెన్ దాకా గుర్రాల అంచెలతో ఉత్తరాలు నడిపే ఏర్పాటు చేసింది వీరే. అంతకు ముందు ఒకే దూత, తరచు ఒకే గుర్రం మీద, దారి పొడవునా వెళ్ళవలసి వచ్చేది. వీరి పద్ధతిలో ప్రతి మజిలీలో కొత్త గుర్రం, కొత్త రౌతు సిద్ధంగా ఉండి, సంచీ మాత్రమే ఆగకుండా ముందుకు పోయేది. 1505లో ఫ్రాంట్స్ ఫాన్ టాక్సిస్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం బ్రసెల్స్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కు వేసవిలో అయిదున్నర రోజుల్లో, చలికాలంలో ఆరున్నర రోజుల్లో ఉత్తరం చేరాలి. ఆల్ప్స్ పర్వతాల నడుమ వరకు గుర్రం మీద సాగే దారి అది.

1615లో ఆ పదవి వంశపారంపర్యమైంది. 1695లో లియోపోల్డ్ చక్రవర్తి వారికి ప్రిన్స్ హోదా ఇచ్చాడు. వారి కేంద్రం బ్రసెల్స్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారింది. అక్కడి నుంచి 1748లో రేగెన్స్‌బుర్గ్‌కు వచ్చారు. రావడానికి కారణం తపాలా కాదు. జర్మన్ రాజ్యాల కూటమి అయిన పవిత్ర రోమన్ సామ్రాజ్యపు శాశ్వత సభ 1663 నుంచి 1806 వరకు రేగెన్స్‌బుర్గ్‌లోనే కొలువుండేది, ఆ సభలో చక్రవర్తికి బదులు కూర్చునే ప్రతినిధి పదవి వారికి దక్కింది. విందులు, నాటకాలు, వేటలు, రాయబారులకు ఆతిథ్యం అన్నీ ఆ పదవి వెంట వచ్చే ఖర్చులే. వాటిని భరించగలిగేది ఉత్తరాల మీద వచ్చే ఆదాయం ఉన్న ఇల్లే.

1806లో సామ్రాజ్యం కూలింది, దానితో సామ్రాజ్య తపాలా కూడా పోయింది. రాజ్యాలు ఒక్కొక్కటే ఉత్తరాల పనిని తమ చేతుల్లోకి తీసుకున్నాయి. బవేరియా 1808లో తీసుకుంది. దానికి నష్టపరిహారంగా 1812లో ఆ కుటుంబానికి ఇచ్చినవాటిలో సెయింట్ ఎమ్మెరామ్ మఠపు భవనాలు ఉన్నాయి. అంటే, గట్టు గారూ, మీరు చూసిన మహలు ఒక వ్యాపార హక్కుకు చెల్లించిన ధర.

మండువా లోగిలి

టాక్సీ అనే మాట కూడా ఈ టాక్సిస్ నుంచే వచ్చిందని ఎక్కడో చదివాను. నిజమేనా?

తపాలా బిళ్ళ

కాదు. టాక్సీమీటర్ అనే యంత్రం పేరు కుదించగా వచ్చిన మాట అది. అందులోని 'టాక్స్' రుసుమును సూచిస్తుంది. ఈ వంశం పేరుతో దానికి బంధుత్వం లేదు. అయినా ఈ కథ ఆగేలా లేదు.

రాతప్రతి

తపాలా బిళ్ళ గారు కుటుంబం వైపు నుంచి చెప్పారు. నేను మఠం వైపు నుంచి చెబుతాను. ఎందుకంటే ఈ కథలో ఎప్పుడూ ముందుకు వచ్చేది ప్రిన్స్ గారి గుర్రబ్బండ్లూ సింహాసనమూ, వెనక్కి పోయేది అంతకు ముందరి వెయ్యేళ్ళు.

ఎమ్మెరామ్ ఏడవ శతాబ్దపు సంచార బిషప్పు. ఆయన జీవితాన్ని ఫ్రైజింగ్ బిషప్పు ఆర్బియో తరువాతి శతాబ్దంలో రాశాడు. బవేరియా డ్యూక్ కుమార్తె ఊటా పెళ్ళికాకుండా గర్భవతి కాగా, ఆమెను కాపాడటానికి ఆ నిందను బిషప్పు తన మీద వేసుకున్నాడని, ఆమె అన్న లాంట్‌పెర్ట్ ఆయనను వెంబడించి ఒక నిచ్చెనకు కట్టి అవయవాలు నరికించాడని ఆ చరిత్ర చెబుతుంది. జరిగినదెంత, భక్తులు చేర్చినదెంత అన్నది పక్కన పెట్టండి. ఆయన సమాధి చుట్టూ మఠం పెరిగింది. 739లో రేగెన్స్‌బుర్గ్ బిషప్పు పీఠం ఏర్పడిన నాటి నుంచి బిషప్పే మఠాధిపతిగా కూడా ఉండేవాడు. 975లో వోల్ఫ్‌గాంగ్ అనే బిషప్పు, తన ఆదాయానికి నష్టమని తెలిసినా, ఆ రెండు పదవులను విడదీసి, ట్రియర్ నుంచి రామ్‌వోల్డ్ అనే సన్యాసిని పిలిపించి మఠాధిపతిని చేశాడు. సెయింట్ ఎమ్మెరామ్ పేరున్న విద్యాపీఠంగా ఎదగడానికి ఈ ఒక్క నిర్ణయమే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ఆ తరువాతి వందేళ్ళలో ఆ గోడల మధ్య ఎవరెవరు ఉన్నారో చూడండి. ఓట్‌లో అనే లేఖకుడు తన సందేహాలను, పాపభీతిని, చదువు మీద మోజును దాచుకోకుండా రాసుకున్నాడు. ఆ కాలంలో అలా రాసినవారు అరుదు. తరువాత హిర్సావు మఠానికి అధిపతి అయిన విల్హెల్మ్ ఇక్కడి సన్యాసే. ఆయన పేరుతో ముడిపడిన రాతి ఖగోళ యంత్రం నేటికీ ఆ పట్టణపు మ్యూజియంలో ఉంది. పారిస్‌లోని సెయింట్ డెనిస్ అస్థికలు నిజానికి తమ దగ్గరే ఉన్నాయని ఇదే మఠం పదకొండవ శతాబ్దంలో చాటుకుంది. అందుకు తగిన పత్రాలనూ సృష్టించుకుంది. ఆ దొంగ పత్రాల వెనుక ఓట్‌లో చేయి ఉందని అనుమానించిన చరిత్రకారులు ఉన్నారు. సన్యాసులందరూ అమాయకులని అనుకోనక్కరలేదు.

ఇక పుస్తకాలు. 870లో పశ్చిమ ఫ్రాంకుల రాజు చార్లెస్ కోసం బంగారు అక్షరాలతో రాసిన సువార్తల ప్రతి, మీద బంగారు రేకూ రత్నాలూ ముత్యాలూ పొదిగిన అట్టతో, శతాబ్దాల పాటు ఇక్కడే ఉంది. దానిని నేటికీ సెయింట్ ఎమ్మెరామ్ బంగారు గ్రంథమనే పిలుస్తారు. ఇప్పుడది మ్యూనిక్‌లోని బవేరియా రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది. దాని సంఖ్య లాటిన్ రాతప్రతులలో 14000. ఆ సంఖ్య దగ్గర మొదలై 15000 దాటేదాకా వరుసగా ఉన్నవన్నీ ఈ మఠం నుంచి వెళ్ళినవే. ఒక మఠం ఎంత చదివిందో కొలవాలంటే ఇంతకంటే మంచి కొలబద్ద నాకు తెలియదు.

సందేహాల రావు

రాతప్రతి గారు ఎంతో ఓపికగా రాశారు, ధన్యవాదాలు. కాని ఈ పరిహారం అన్న మాట దగ్గర నేను ఆగిపోతున్నాను. మన వైపు 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినప్పుడు జమీందారులకు ప్రభుత్వం డబ్బు రూపంలో పరిహారం లెక్కగట్టింది. అంతే కాని పక్క ఊరి మఠాన్ని ఖాళీ చేయించి, తాళంచెవులు తెచ్చి చేతిలో పెట్టలేదు. బవేరియా తాను తీసుకున్నదానికి పరాయి సొమ్ముతో బాకీ తీర్చింది. దీనిని దోపిడీ అనక ఏమనాలి?

రాతప్రతి

రావు గారూ, మీ కోపం న్యాయమైనదే, కాని మీ పోలిక ఒక చోట నిలవదు. సెయింట్ ఎమ్మెరామ్ కేవలం ప్రార్థనలు చేసుకునే ఆశ్రమం కాదు. పదమూడవ శతాబ్దం చివరికి అది చక్రవర్తికి తప్ప మరెవరికీ లోబడని సంస్థ. 1731లో దాని మఠాధిపతికి ప్రిన్స్ హోదా కూడా దక్కింది. సామ్రాజ్య సభలో వారికి చోటు ఉండేది. భూములు, రైతులు, శిస్తులు అన్నీ ఉండేవి. మీ పోలికలోనే చెప్పాలంటే, ఎస్టేటు పోగొట్టుకున్నవారిలో మఠాధిపతి కూడా ఒక జమీందారే.

జరిగిన క్రమం ఇది. నెపోలియన్ కాలంలో రైన్ నదికి ఎడమ గట్టు ఫ్రాన్సు వశమైంది. అక్కడ భూములు పోయిన జర్మన్ ప్రభువులకు కుడి గట్టున పరిహారం ఇవ్వాలి. ఎక్కడి నుంచి తేవాలి? చర్చి ఆస్తుల నుంచి. 1803 ఫిబ్రవరిలో ఆ తీర్మానం జరిగింది. జరిగినది మరెక్కడో కాదు, రేగెన్స్‌బుర్గ్‌లోనే, మఠం నుంచి నడిచి వెళ్ళగల దూరంలో. ఆ తీర్మానంతో పట్టణం, బిషప్పు సంస్థానం, మఠం అన్నీ కలిపి కార్ల్ తేయోడోర్ ఫాన్ డాల్‌బెర్గ్ అనే ఆర్చ్‌బిషప్పు చేతికి వచ్చాయి. ఆయన మనస్తత్వం మెత్తనిది; ఆయన హయాంలో సన్యాసుల జీవనం ఒక్కసారిగా ఆగిపోలేదు. 1810లో రేగెన్స్‌బుర్గ్ బవేరియా రాజ్యంలో కలిసిన తరువాతే మఠం పూర్తిగా ముగిసింది.

చివరి మఠాధిపతి కోయిలెస్టిన్ స్టైగ్‌లేనర్ భౌతిక శాస్త్రజ్ఞుడు, పాత నాణేలను పరిశీలించే పండితుడు. మఠం పోయాక కూడా రేగెన్స్‌బుర్గ్‌లోనే ఉండి 1819లో కన్నుమూశారు. ప్లాసిడస్ హైన్రిఖ్ అనే మరో సన్యాసి, మఠంలో మొదలుపెట్టిన వాతావరణ పరిశీలనలను, అంటే ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి లెక్కలను, ఆ తరువాత కూడా మానలేదు. గోడలు మారినా ఆయన ఉష్ణమాపకం మారలేదని నేను సరదాగా అంటుంటాను.

సందేహాల రావు

జమీందారు అన్న మాటను ఒప్పుకుంటున్నాను. అయినా ఆ తీర్మానం చేసిన సభలో చక్రవర్తి ప్రతినిధి పీఠం ఎవరిది? తపాలా బిళ్ళ గారే చెప్పారు, ఈ వంశానిదేనని. పంచిన పందిట్లోనే వడ్డనా జరిగిందన్నమాట.

తపాలా బిళ్ళ

పీఠం వారిదే అయినా కత్తెర వారి చేతిలో లేదు, రావు గారూ. భూములు ఎలా కోయాలో పారిస్‌లో తేలింది. కాని పైరవీ జరగలేదని నేను అనను. అప్పటి ప్రిన్స్ కార్ల్ అలెగ్జాండర్ భార్య తెరేజ్, ప్రష్యా రాణి లూయీజాకు స్వయానా అక్క. 1808లో ఎర్ఫర్ట్‌లో నెపోలియన్, రష్యా జార్ అలెగ్జాండర్ సమావేశమైనప్పుడు ఈమె కూడా అక్కడికి వెళ్ళింది. పగలంతా నెపోలియన్‌తో మాట్లాడిన జార్, సాయంత్రాలు ఈమె బసలో ఫ్రెంచి దౌత్యవేత్త టాలీరాండ్‌ను కలుసుకునేవాడు. నెపోలియన్ మంత్రాంగాన్ని నెపోలియన్ మనిషే అక్కడ విప్పి చెప్పేవాడు. అటువంటి చావడిని నడిపిన ఇల్లాలు తమ ఇంటి బాకీలను రాబట్టుకోకుండా ఊరుకుంటుందా?

మరొక సంగతి. ఎమ్మెరామ్ దక్కినా వారు తపాలాను వదలలేదు. బవేరియాలో హక్కు పోయినా ఇతర చిన్న జర్మన్ రాజ్యాలలో ఫ్రాంక్‌ఫర్ట్ కేంద్రంగా మరో అర్ధ శతాబ్దం నడిపారు. 1852 నుంచి సొంత బిళ్ళలు కూడా వేశారు. ఉత్తర ప్రాంతాలకు సిల్బర్‌గ్రోషెన్ విలువతో, దక్షిణ ప్రాంతాలకు క్రాయిట్సర్ విలువతో రెండు వరుసలు ఉండేవి. ఒక ప్రైవేటు కుటుంబం రెండు నాణేల మండలాలలో ఉత్తరాలు నడిపిందనడానికి ఆ బిళ్ళలే సాక్ష్యం. నిజాం సంస్థానానికి కూడా 1950 వరకు సొంత తపాలా, సొంత బిళ్ళలు ఉండేవని మనకు తెలుసు. కాని అది రాజ్యం నడిపిన తపాలా, ఇది రాజ్యం లేని వంశం నడిపినది. 1867లో ప్రష్యా ముప్పై లక్షల థేలర్లు చెల్లించి దానినీ తీసుకుంది.

పాత ఇటుక

భవనం గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక కల్పించుకుంటున్నాను. వృత్తిరీత్యా పాత కట్టడాల మరమ్మతులు చేసేవాడిని. ఆ ఆవరణను రెండు సార్లు చూశాను.

బయటి నుంచి చూసేవారికి అది పంతొమ్మిదవ శతాబ్దపు మహలు. సుమారు 150 మీటర్ల పొడవున్న దక్షిణపు భవనాన్ని 1883 నుంచి 1888 మధ్య మాక్స్ షుల్ట్సె అనే వాస్తుశిల్పి కట్టాడు. లోపలి నాట్యశాల వంటి గదులలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని వారి పాత మహలు నుంచి ఊడదీసి తెచ్చిన అలంకరణలను అమర్చారు. అంటే అక్కడి గోడలు కొత్తవి, పైపూత పాతది. గుర్రపు శాలను 1829, 1832 మధ్య మెటీవియే అనే మరో వాస్తుశిల్పి కట్టాడు. వీటిని చూసి జనం ముచ్చటపడతారు. నాకు మాత్రం ఆ ఆవరణకు గుండెకాయ మధ్యలో ఉన్న చతురస్రమే.

మధ్యలో పచ్చిక, చుట్టూ నాలుగు వైపులా కప్పు ఉన్న రాతి నడవ. మన మండువా లోగిలిని తలచుకుంటే దాని రూపం తడుతుంది, కాని వాడకం వేరు. మండువా ఇంటి పనులకు, ధాన్యానికి, పిల్లలకు. ఇది మౌనంగా నడుస్తూ చదువుకోవడానికి. చర్చికి, భోజనశాలకు, పడకగదులకు ఎండావానా తగలకుండా చేర్చే దారి కూడా ఇదే. పదకొండు నుంచి పద్నాలుగో శతాబ్దం దాకా విడతలు విడతలుగా కట్టారు కనుక, ఒక వైపు గుండ్రని రోమనెస్క్ కమాను, మరో వైపు మొనదేలిన గోథిక్ కమాను. నడుస్తుంటే మూడు వందల ఏళ్ళు కాళ్ళ కింద జరుగుతాయి.

1835లో ఆ కుటుంబం సరిగ్గా ఈ పచ్చికలోనే తమ సమాధి మందిరాన్ని కట్టడం మొదలుపెట్టి 1841లో ముగించింది. లోపల డానెకర్ చెక్కిన క్రీస్తు విగ్రహం చాలా గొప్పది, కాదనను. కాని ఖాళీగా ఉండటమే ప్రయోజనమైన చోట ఒక భవనాన్ని నిలబెట్టారు. నా దృష్టిలో మఠం మహలుగా మారిన క్షణం 1812 కాదు, 1835. తాళంచెవులు చేతులు మారితే తిరిగి మారవచ్చు. నడి వాకిట్లో పూర్వీకులను పూడ్చుకున్నాక ఇక ఆ ఇల్లు విడిచిపెట్టరు.

మండువా లోగిలి

నా పేరు చూసి పోలిక తెచ్చారేమో, సంతోషం. ఇటుక గారూ, ఆ కుటుంబం తీసుకోకపోయి ఉంటే ఆ నడవ మిగిలేదా? ఆ రోజుల్లో బవేరియాలో మఠాలను రాళ్ళ కోసం పడగొట్టారని విన్నాను.

పాత ఇటుక

నిజమే. బవేరియాలో అమ్ముడైన మఠాలలో కొన్ని రాతి గనులయ్యాయి, కొన్ని సారా బట్టీలయ్యాయి, కొన్ని చెరసాలలయ్యాయి. ఎమ్మెరామ్ నడవ నిలిచిందంటే కప్పు మీద పెంకులు మార్చే యజమాని దొరకడమే కారణం. పాత గ్రంథాలయపు గది కూడా అలాగే దక్కింది. అక్కడ కోస్మాస్ డామియన్ ఆజామ్ 1737లో వేసిన పైకప్పు చిత్రాల కింద నేటికీ పుస్తకాలే ఉన్నాయి. పుస్తకాలు మాత్రం సన్యాసులవి కావు, ప్రిన్సులవి.

సందేహాల రావు

అదే కదా నా బాధ. అసలు పుస్తకాలు మ్యూనిక్‌లో, వేరేవారి పుస్తకాలు ఆ గదిలో.

రాతప్రతి

ఇక్కడ నేను రెండు మనసులతో ఉన్నాను, రావు గారూ. మ్యూనిక్ తీసుకువెళ్ళడం వల్ల ఆ మఠం జ్ఞాపకం తన ఊరికి దూరమైంది, నిజం. కాని ఒక ఉదాహరణ చూడండి. లోకం అంతమయ్యే నాడు అగ్ని ఎలా చెలరేగుతుందో చెప్పే ముస్పిల్లి అనే ప్రాచీన జర్మన్ పద్యం, ఎమ్మెరామ్ నుంచి వెళ్ళిన ఒక లాటిన్ రాతప్రతిలోని ఖాళీ చోట్లలో, అంచులలో, ఎవరో గజిబిజిగా రాసి ఉంచినది. నూరు పంక్తులకు కాస్త అటూఇటూ మిగిలింది. మొదలూ లేదు, చివరా లేదు. దానిని 1832లో ష్మెల్లర్ అనే పండితుడు అచ్చువేసి ఆ పేరు పెట్టాడు. ఎన్నో మఠాల ప్రతులు ఒక్క చోట చేరి, వాటిని ఆకు ఆకూ తిరగేసే ఉద్యోగులు ఏర్పడితే తప్ప అంచుల్లోని రాతలు ఇలా వరుసగా బయటపడవు. మన తాళపత్రాలను ఊరూరా తిరిగి సేకరించి ఒక చోట చేర్చిన వారి విషయంలోనూ ఇదే వాదన నడిచింది కదా.

డాన్యూబ్ గట్టు

ఎంత చక్కని సమాచారం! ఒక ప్రశ్న మిగిలింది. సన్యాసులు మళ్ళీ తిరిగి రాలేదా?

పాత ఇటుక

ఎమ్మెరామ్‌కు రాలేదు. కాని ఇదే కుటుంబం చేతికి 1803లో మరొక బెనెడిక్టైన్ మఠం వచ్చింది. పేరు నేరెస్‌హైమ్, నేటి బాడెన్ వ్యుర్టెంబెర్గ్‌లో ఉంది. రైన్ ఎడమ గట్టున పోయిన తపాలా ఆదాయానికి బదులుగా బుఖావు, మార్ఖ్‌టాల్ మఠాలతో పాటు ఇచ్చారు. బాల్టజార్ నోయ్‌మన్ రూపకల్పన చేసిన చర్చి అక్కడిది. జర్మన్ బరోక్ కట్టడాలలో దానికి సాటి వచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, బాయ్‌రాన్ నుంచి, ప్రాగ్‌లోని ఎమ్మాస్ మఠం నుంచి బెనెడిక్టైన్లు నేరెస్‌హైమ్‌కు తిరిగి వచ్చారు. ఒకే ఇంటి చేతికి వచ్చిన ఈ రెండు బెనెడిక్టైన్ మఠాలలో ఒకటి ఇల్లయింది, రెండవది మళ్ళీ మఠమైంది. ఇల్లు కట్టుకోనిచోట తిరిగి ఇవ్వడం సులువు. నడి వాకిటి మందిరం గురించి నేనన్న మాటకు ఇదే నా సాక్ష్యం.

సందేహాల రావు

ఈ నేరెస్‌హైమ్ సంగతి నాకు తెలియదు. దోపిడీ అన్న నా మాటను వెనక్కి తీసుకోను గాని, దోపిడీ చేసినది బవేరియా అని, సరుకు దక్కినది ఈ కుటుంబానికని విడదీసి చెబుతాను. మరి ఇప్పుడు ఆ మహలు ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

తపాలా బిళ్ళ

కుటుంబానిదే. కాని చరిత్ర అక్కడ కూడా ఒక చిత్రమైన మలుపు తిరిగింది. 1990లో ప్రిన్స్ యొహానెస్ మరణించినప్పుడు పెద్ద అప్పులు, వారసత్వపు పన్ను మిగిలాయి. 1993లో మహలులోనే సోథెబీస్ సంస్థ రోజుల తరబడి వేలం వేసింది. పన్నుకు బదులుగా బవేరియా రాష్ట్రం కొన్ని కళాఖండాలను స్వీకరించి, పాత గుర్రపు శాలలో మ్యూజియంగా అమర్చి 1998లో తెరిచింది. 1812లో బవేరియా ఆ కుటుంబానికి డబ్బుకు బదులు భవనాలు ఇచ్చింది. నూట ఎనభై ఏళ్ళ తరువాత ఆ కుటుంబం బవేరియాకు డబ్బుకు బదులు వస్తువులు ఇచ్చింది.

రాతప్రతి

గట్టు గారికి చివరగా ఒక సవరణ. మీ మొదటి సందేశంలో మహలులో వారి సొంత చర్చి ఉందని రాశారు. ఆ చర్చి మహలుకు చెందినది కాదు. మఠం రద్దయినప్పుడు భవనాలు కుటుంబానికి వెళ్ళాయి, పుస్తకాలు మ్యూనిక్‌కు వెళ్ళాయి, చర్చి మాత్రం ఊరివారి ప్రార్థనాలయంగా నిలిచింది. 1731 నుంచి 1733 వరకు ఆజామ్ సోదరులు దానిని బరోక్ శైలిలో అలంకరించారు. ఆ తళుకుల కింద పాత గోడలు అలాగే ఉన్నాయి. ఎమ్మెరామ్, వోల్ఫ్‌గాంగ్, ఆర్నుల్ఫ్ చక్రవర్తి, చరిత్రకారుడు అవెంటీనస్, అందరి సమాధులూ అక్కడే. ఉత్తర ద్వారం దగ్గర పదకొండవ శతాబ్దపు మూడు రాతి శిల్పాలు ఉంటాయి, జర్మనీలోని అతి పురాతనమైన వాటిలో అవి ఒకటి. తల వంచుకుని లోపలికి వెళ్ళేవారికి కనిపించవు.

డాన్యూబ్ గట్టు

తల వంచుకునే వెళ్ళాను, ఒప్పుకుంటున్నాను. మొదటి సందేశంలోని ఆ వాక్యాన్ని ఇప్పుడే సరిదిద్దుతాను. ఈ శనివారం మళ్ళీ వెళ్ళి ఆ మూడు శిల్పాల ఫొటోలను ఇక్కడే పెడతాను. నేరెస్‌హైమ్‌కు దారి ఎలాగో ఇటుక గారు చెబితే ఆ మరుసటి వారం అటు.